ఎనిమిది చిట్టి తెరలు

"పదకొండింటికి గాయని గారొస్తున్నారు. ఆ పేర్లు మార్చి పెట్టెయ్. పది నిమిషాల పనేగా," అన్నాడు మొగుడు, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతూ.

పది నిమిషాలట! అవి ఏ గడియారంలోని నిమిషాలో మూడేళ్ళయినా ఆమెకి అంతుపట్టలేదు. ముందుగదిని రికార్డింగ్ స్టూడియో చేసినప్పట్నించీ రోజూ ఇదే వరస. పాలపొయ్యి ఆపి, దుమ్ముగుడ్డ పట్టుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. బల్లమీద మీటల పెట్టె. పైకీ కిందికీ జరిపే మీటలు ఎనిమిది, ఒక్కో మీట నెత్తిన అగ్గిపెట్టెంత తెర. ఏ మీట జరిపితే గొంతు పెరుగుతుందో, ఏది తగ్గిస్తే వయొలిన్ తగ్గుతుందో ఆ తెర చెప్పాలి. దానంతటది చెప్పదు కదా! కంప్యూటర్లో పాట నడిపే సాఫ్ట్‌వేర్‌కీ ఈ పెట్టెకీ పొత్తు కుదర్చాలి. తెరలో ఏడక్షరాలకి మించి పట్టవు. నలభై వాద్యాలు ఆ ఎనిమిది మీటల మీదికే వంతులవారీగా రావాలి, వంతు మారినప్పుడల్లా పేరూ రంగూ మారాలి. ఒక్క అంకె తేడా వచ్చిందా, డ్రమ్స్ మీట మీద గొంతు పేరు కూర్చుంటుంది.

ఆ కుర్చీ అతని పొడుగుకి బిగించి ఉంటుంది. ఆమె కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడతాయి. ఒకసారి దించుకుంటే, "దాని జోలికి పోకు, నాకు నడుం పట్టేసింది," అని రెండ్రోజులు సణిగాడు. అప్పట్నించీ కాళ్ళు వేలాడేసుకునే పనిచేస్తోంది. దిగేసరికి పాదాలు మొద్దుబారిపోతాయి.

పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే స్టూడియోలో పనిచేశారు. ఆమె రెండేళ్ళు సీనియర్. మైకు ఎక్కడ పెట్టాలో అతనికి నేర్పింది ఆమే. "మన స్టూడియో పెట్టుకుందాం," అన్నాడు. ఆ 'మన' గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది, బోర్డు మీద అతని పేరొక్కటే ఎక్కింది. అత్తగారైతే, "మొగుణ్ణి పట్టుకుని 'నువ్వు' అనడమేమిటమ్మా," అని మొదటి వారమే దిద్దింది. ఇప్పటికీ, "పొద్దస్తమానం ఆ లైట్లు చూసుకుంటూ కూర్చుంటే గిన్నెలెవరు తోముతారు?" అంటూనే ఉంటుంది. వచ్చినవాళ్ళకి అతను చెప్పేది ఒకటే. "మా ఆవిడండీ. ఖాళీగా ఉంటుంది కదా, పేర్లు రాసిపెడుతుంటుంది."

ఖాళీగా ఉంటుందట. ఒళ్ళు మండిపోయేది.

పోయిన నెల జరిగింది ఇంకా మింగుడుపడలేదు. పెట్టె మూలన ఒక బటనుంది. అది నొక్కితే అవే మీటలు పాటని వదిలేసి, పాడేవాళ్ళ హెడ్‌ఫోన్లలో ఎంత వినపడాలో చూసుకుంటాయి. పొరపాటు పడకుండా, అప్పుడు తెరలన్నీ ఎర్రబడి 'చెవి' అని చూపించేలా ఆమె అమర్చింది. అతనికి మూడుసార్లు చెప్పింది. "సరే సరే, తెలుసులే," అన్నాడు. తెలుసులే అన్నవాడు గిటారిస్టు ముందు అదే నొక్కి, తెరలకేసి చూడకుండా మీట తోసేశాడు. గిటారిస్టు హెడ్‌ఫోన్లు లాగేసి, చెవులు మూసుకుని ఎగిరిపడ్డాడు. అతను ఆమెకేసి చూశాడు. ఆ చూపుకి లొంగి, "నాదే పొరపాటండీ, పేర్లు తప్పు పెట్టాను," అంది. వారం తిరక్కుండా ఆ అబద్ధాన్ని అతనే నమ్మేసి, భోజనాల దగ్గర తల్లికి చెప్పి నవ్వాడు. మొన్న పాత స్టూడియోలో మనిషి కావాలంటున్నారని తెలిసి ఆమె ఫోన్ చేస్తే, అక్కడి యజమాని, "విన్నానమ్మా, ఈమధ్య పేర్లు కూడా తప్పు పెడుతున్నావట కదా?" అన్నాడు. ఏడేళ్ళ పని ఒక్క అబద్ధానికి కొట్టుకుపోయింది. ఆ అబద్ధం తన నోటితో తనే ఆడింది. అందుకు అతని మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

పదకొండింటికి గాయని వచ్చింది. అరవై దాటిన మనిషి. తను వంటింట్లో టీ పోస్తుంటే గదిలోంచి కెవ్వుమని కేక వినిపించింది. వెంటనే అతని గొంతు: "ఏమోయ్! మళ్ళీ పేర్లు తప్పు పెట్టావా?"

ట్రేతో పరిగెత్తింది. గాయని హెడ్‌ఫోన్లు విసిరేసి కుడిచెవి పట్టుకుని ఉంది, కళ్ళనిండా నీళ్ళు. పెట్టె మీద ఎనిమిది తెరలూ ఎర్రగా వెలుగుతున్నాయి. ఎనిమిదింటి మీదా 'చెవి' అనే ఉంది. అతను మళ్ళీ అదే చూపు చూశాడు.

"నా బతుకంతా ఈ రెండు చెవుల మీదే నడిచిందమ్మా," అంది గాయని. "తప్పు పేర్లు పెడితే ఎలా?"

నాదే పొరపాటండీ. మాట నాలిక చివరిదాకా వచ్చేసింది, అలవాటైన మాట కదా. దాన్ని అక్కడే కొరికి పారేసింది.

"పేర్లు సరిగ్గానే ఉన్నాయండీ. ఇటొచ్చి చూడండి. ఎర్రగా ఉంటే ఈ మీటలు మీ చెవులవి. అది చూసుకోకుండా తోసింది ఈయన. పోయిన నెల గిటారిస్టు చెవులు అదరగొట్టిందీ ఈయనే. నాదే తప్పని ఆరోజు అబద్ధమాడాను. ఆ గిటారిస్టుక్కూడా ఇవాళే ఫోన్ చేసి చెప్తాను."

"ఏంటా మాటలు, బయటివాళ్ళ ముందు? లోపలికి నడు," అన్నాడు అతను, పళ్ళు బిగించి.

గాయని చెవి మీంచి చెయ్యి తీసి, తెరలకేసీ అతనికేసీ మార్చి మార్చి చూసింది. "చెవి అనే ఉంది కదయ్యా," అంది.

ఆమె టీ ట్రే అతని ఒళ్ళో పెట్టింది. బటన్ నొక్కింది. ఎరుపు పోయి తెరల మీదికి గొంతు, వయొలిన్, డ్రమ్స్ వచ్చి కూర్చున్నాయి.

"లే," అంది.

అతను ట్రే పట్టుకుని లేచాడు. ఆమె కూర్చుని, కుర్చీ కింద చెయ్యి పెట్టి వెతికి, పాదాలు రెండూ నేలకి ఆనేదాకా దించుకుంది.