రుమాలు వేసిన చోటు

ఆ యూనివర్సిటీలో అందరికీ కలిపి ఒకటే పెద్ద కంప్యూటర్ల గుంపు. అక్కడివాళ్ళు దాన్ని క్లస్టర్ అంటారు. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని, బ్రౌజర్‌లో నోట్‌బుక్ అనే పేజీ తెరిచి, ఒక్కో గడిలో కాస్త కాస్త ప్రోగ్రాం రాసి దానిచేత పని చేయించుకుంటారు. ఒకేసారి ముప్పై రెండు నోట్‌బుక్కులకే చోటు. వాడేవాళ్ళు మూడు వందల పైచిలుకు. ఇక చెప్పేదేముంది, కిటికీలోంచి బస్సు సీటు మీద రుమాలు విసిరినట్టు, పనున్నా లేకపోయినా పొద్దున్నే ఒక నోట్‌బుక్ తెరిచిపెట్టి టీ తాగడానికి పోయేవాళ్ళు తయారయ్యారు. దానికి రుమాలు వేయడమనే పేరు కూడా పడింది.

ఈ రుమాళ్ళ మీద అందరికంటే ఎక్కువ మండిపడింది పెద్దక్క. ఏడేళ్ళుగా పరిశోధన చేస్తూ తన తర్వాత వచ్చినవాళ్ళందరికీ పట్టాలు రావడం చూసిన మనిషి కాబట్టి ఆ పేరు. ఆమెకు కోపమొస్తే ఊరుకోదు, కాగితం మీద పెడుతుంది. రెండు నెలల కిందట అర్జీ రాసి నలభై మూడు సంతకాలు పోగుచేసింది. పని ఆగిన గంటకల్లా ఆ నోట్‌బుక్‌ను తీసేయాలి. ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. క్లస్టర్ చూసుకునే అడ్మిన్ గారు ముఖం చూసి గడువు పెంచుతున్నారు కనుక, ఆ వీలు ఆయన చేతిలో కూడా ఉండకూడదు. పైవాళ్ళు అక్షరం పొల్లు పోకుండా ఒప్పుకున్నారు. అడ్మిన్ గారు కాస్త చిన్నబుచ్చుకున్నా పైకి అనలేదు. తీసేసినప్పుడు వెళ్ళే మెయిలు కూడా ఆమెనే రాసిపెట్టమన్నారు. ఆమె ముచ్చటపడి రాసింది.

ఈ రోజు పెద్దక్క కంటి ఆసుపత్రిలో ఉంది. భర్తకు సెలవు దొరకలేదు. మామగారి కళ్ళ పరీక్షకు తనే తీసుకొచ్చింది. కింది అంతస్తులో గోడకు ఆనించిన కుర్చీల వరస, పెద్దాయన కళ్ళలో చుక్కల మందు, ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్. క్లస్టర్ మీద ఆమె నోట్‌బుక్ నాలుగు రోజులుగా అరవై ఏళ్ళ వాన లెక్కలు నమిలి అరిగించుకుంటోంది. మధ్యాహ్నం మూడింటికి అయిపోతుందని అంచనా. ఐదింటికల్లా ఆ ఫలితాలు గైడు చేతిలో పెట్టాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి లేదని రాతపూర్వకంగా చెప్పేశారు. ఇవాళ తప్పితే ఏడేళ్ళూ నీళ్ళపాలే.

లెక్క తొమ్మిదీ యాభైకే పూర్తయింది. పూర్తయిందన్న మెయిలు అరగంట ఆలస్యంగా చూసి ఆమె ముఖం వెలిగింది. మరుక్షణమే అసలు సంగతి గుర్తొచ్చింది. ఫలితాలు ఇంకా ఎక్కడా భద్రం కాలేదు. అవి క్లస్టర్ జ్ఞాపకంలో ఉన్నాయంతే, నోట్‌బుక్ పోతే అవీ పోతాయి. ఫైలుగా దాచే ఒక్క గడినీ ఆమె ఎప్పుడూ విడిగా పెట్టుకుంటుంది. రుచి చూడందే కూర దించనట్టు, అంకెలు కళ్ళారా చూసుకున్నాకే ఆ గడి నడపడం ఆమె అలవాటు. ఇప్పుడు టైము పదీ ఇరవై. పదీ యాభైకి తీసేస్తారు.

ఆసుపత్రి వైఫై మీద నోట్‌బుక్ తెరిచింది. పేజీ శుభ్రంగా వచ్చింది. గడులన్నీ కనిపిస్తున్నాయి, ఆ చివరి గడితో సహా. నొక్కితే కదలదు. పైన మూలన 'కనెక్ట్ అవుతోంది' అన్న మాట అలాగే ఉంది. ఆ వైఫై పేజీలు చూడనిస్తుంది గానీ క్లస్టర్‌కు ఆజ్ఞ వెళ్ళనివ్వదు. ఫోను నెట్ పెడదామంటే ఆ కింది అంతస్తులో సిగ్నల్ ఒక్క గీత. ఆ గీతతోనే అడ్మిన్ గారికి ఫోన్ చేసింది.

"సార్, నా నోట్‌బుక్ ఒక్క గంట తీసేయకుండా ఆపండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"అయ్యో, అంత మాటెందుకమ్మా. నా చేతిలో ఉంటే ఈపాటికే ఆపేవాణ్ణి. ఇప్పుడది దానంతటదే నడిచే ప్రోగ్రాం. అందులో అక్షరం మార్చాలన్నా కమిటీ కూర్చోవాలి."

"ఈ ఒక్కసారికి..."

"మినహాయింపు వద్దని మీరే రాశారు కదమ్మా."

ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగానే బాధపడుతున్నాడు. అదే ఆమెకు మరీ కష్టంగా ఉంది. తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరకలేదు.

"మామయ్యగారూ, రెండు నిమిషాల్లో వస్తా. ఇక్కడే కూర్చోండి, కదలకండి" అని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కింది. మలుపులో మూడు గీతలొచ్చాయి. ఫోను నెట్ కలిపింది. పేజీ మళ్ళీ తెరుచుకోవడం మొదలైంది. పదీ నలభై నాలుగు.

"అమ్మాయ్!" కిందనుంచి కేక. "అమ్మాయ్, ఎక్కడున్నావు?"

తొంగి చూసింది. పెద్దాయన లేచొచ్చేశాడు. మసక కళ్ళతో గోడ తడుముకుంటూ ఇంకా కిందికి దిగే మెట్ల అంచుకు వచ్చేశాడు. ఇంకో రెండడుగులు వేస్తే పడతాడు. ఆమె ల్యాప్‌టాప్‌ను మెట్టు మీదే వదిలేసి పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"పిలిచారనుకుని లేచానమ్మా. ఏమీ కనపడక భయమేసింది" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆమెకు కోపం, జాలి, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఏదీ పైకి రానివ్వలేదు. ఆయన్ని అడుగులో అడుగు వేయిస్తూ కుర్చీ దాకా తెచ్చి కూర్చోబెట్టింది. మెట్ల మీది ల్యాప్‌టాప్‌ను ఎవరో పుణ్యాత్ముడు తెచ్చి చేతికిచ్చాడు. మూత తీసేలోపు ఫోను మోగింది. పదీ యాభై. మెయిలు.

"ఏమొచ్చిందమ్మా?" అన్నాడు మామగారు. "కళ్ళు తెరిచి ఏం లాభం, ఏమీ ఆనడం లేదు. కాస్త చదువు, విందాం. ఏమీ తోచడం లేదు."

ఆమె చదివింది. "మీరు వాడకుండా వదిలేసిన చోటును, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మరొకరికి ఇచ్చాము. మీరు నష్టపోయింది ఏమీ లేదని ఆశిస్తున్నాము. వరసలో మీ కొత్త సంఖ్య నూట పద్నాలుగు. అందరి పనీ ముఖ్యమే అని అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలు."

పెద్దాయన తల ఊపాడు. "ఎవరు రాశారో గానీ మర్యాద తెలిసినవాళ్ళు."

"నేనే రాశాను మామయ్యగారూ."

"అదీ సంగతి!" అని ఆయన మురిసిపోయి, తడుముకుంటూ ఆమె చేతిని వెతికి పట్టుకున్నాడు. "మా కోడలు పిల్ల రాస్తే అలాగే ఉంటుంది. ఏదీ, ఇంకోసారి చదువు."

ఆమె మొదటి నుంచి మళ్ళీ చదివింది.