చిత్తు ఒంటి మీది మచ్చలు

పొద్దున్నే బైండరమ్మ గిన్నెలో మైదా జిగురు ఉడికించుకుని, కిటికీ పక్క బల్ల మీద కాగితాలు పరుస్తుంది. అచ్చాఫీసుల్లో మిగిలిపోయిన ముక్కలవి. గీతలున్నవి, లేనివి, ఒకవైపు అచ్చయినవి, పసుపువి, నీలంవి. అన్నీ కలిపి దబ్బనంతో కుట్టి, చిత్తుపుస్తకాలు చేసి కింద కొట్టుకి వేస్తుంది. డెబ్బై మూడేళ్లొచ్చినా ఒక్క కుట్టూ వంకర తిరగదు. ఆమె కాళ్ల దగ్గర పడుకునే కుక్క పేరు కూడా చిత్తే.

నాలుగేళ్ల కిందట వానలో తడిసి మెట్ల కింద దూరినప్పుడు చిత్తు తెల్లకాగితంలా ఉండేది. బైండరమ్మ పొయ్యి మీద పాలు మరిచిపోయిన రోజున దాని ఎడమ చెవి మీద మొదటి మచ్చ పడింది. మేనమామ పేరు మరిచిపోయిన రోజున వీపు మీద ఇంకొకటి. ఆమె ఏది మరిచిపోతే అది కుక్క ఒంటి మీదికి చేరేది. మచ్చ మీద చెయ్యి వేస్తే గుర్తొచ్చేది, తీస్తే మళ్లీ పోయేది. ఆ భవనంలో అందరికీ ఇది మామూలే.

"ఇవాళ తోక మీద కొత్తది పడ్డట్టుందే, ఏమిటది?" అని పక్కింటావిడ మెట్ల మీద అడిగేది.

"నాకేం తెలుసు? తెలిస్తే పడదుగా" అని బైండరమ్మ దిగిపోయేది.

భవన సంఘానికి కొత్త సెక్రటరీ వచ్చాక చిక్కొచ్చిపడింది. తన కుక్కకి నాలుగు తరాల వంశవృక్షం ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్న మనిషాయన.

"బైండరమ్మగారూ, ఇకమీదట ఇక్కడ జాతికుక్కలే ఉండాలి. కాగితం చూపించండి. లేదంటే దాన్ని పంపించెయ్యండి."

"మా తాత పేరే నాకు గుర్తు లేదు. దాని తాత పేరు ఎక్కణ్ణుంచి తేను?"

"దానికి డీఎన్ఏ టెస్టులున్నాయండీ. ఇంట్లోనే చేసుకోవచ్చు."

బస్సు డిపోలో పనిచేసే చెల్లెలి కూతురు ఆ టెస్టు డబ్బా తెప్పించింది. దాంతోపాటు చేతిసంచిలో ఇంకో కాగితం కూడా తెచ్చింది.

"పెద్దమ్మా, కోప్పడకు. చిత్తు లేకపోతే నువ్వు ఒక్కదానివే ఇక్కడ ఉండలేవు. పోయిన నెల వీధి చివర నిలబడిపోయి, దాని వీపు తడుముకుంటేగానీ ఇల్లు తెలీలేదు నీకు. ఇది వృద్ధాశ్రమం ఫారం. నింపలేదు. తెచ్చానంతే."

"తెచ్చావుగా, సంచిలోనే ఉంచు. ముందు ఆ డబ్బాలో పుల్ల ఇలా ఇవ్వు."

అరగంట ముందు నుంచీ కుక్కకి ఏమీ పెట్టలేదు. దూది పుల్లని బుగ్గ లోపల తిప్పుతుంటే చెల్లెలి కూతురు ముప్పై వరకు లెక్కపెట్టింది. చిత్తు ఓపిగ్గా నోరు తెరుచుకుని కూర్చుంది. పుల్లని గొట్టంలో పెట్టి, మూత బిగించి పోస్టులో వేశారు.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. వేటకుక్క పంతొమ్మిది శాతం. గొర్రెల కాపలా కుక్క పద్దెనిమిది. ఒళ్లో పెట్టుకునే పొట్టిరకం పద్నాలుగు. మంచులో బండి లాగే రకం పదకొండు. వాటి కిందే, అదే అచ్చులో: మిగిలిన ముప్పై ఎనిమిది శాతం మనిషి, స్త్రీ, వయసు డెబ్బై పైన, పుస్తకాలు కుట్టే చెయ్యి.

"మీ ఉమ్మి తగిలి ఉంటుంది" అన్నాడు సెక్రటరీ. "దారం నోట్లో తడిపి సూదికి ఎక్కించే అలవాటు మీది."

"అయితే ఈసారి మీ చేత్తోనే తియ్యండి. మీ ఉమ్మి మాత్రం తగలనివ్వకండి."

ఆయన చేతులకి తొడుగులు వేసుకుని తీశాడు. సీలు వేసి తనే పోస్టు చేశాడు. మళ్లీ మూడు వారాలు పట్టింది; ఆలోగా చిత్తు ఒంటి మీద మరో మూడు మచ్చలు పడ్డాయి.

ఆదివారం కింద కార్లు నిలిపే చోట కుర్చీలు వేసి సభ పెట్టారు. సెక్రటరీ అందరి ముందూ కవరు చింపాడు. చదివి, మళ్లీ చదివి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"గట్టిగా చదవండి సార్" అన్నారు వెనక నుంచి.

"నలభై ఒకటి."

"అయ్యో, పెరిగిందే!" అంది పక్కింటావిడ.

"ఎంతైనా కానివ్వండి" అన్నాడు సెక్రటరీ. "జాతి తేలని కుక్క ఉండటానికి వీల్లేదు."

బైండరమ్మ లేచి నిలబడింది. "సంఘం నిబంధనల పుస్తకం కుట్టింది నేను. అందులో ఒకటుంది..."

మాట ఆగిపోయింది. చెల్లెలి కూతురి చెయ్యి సంచి మీదికి వెళ్లింది. బైండరమ్మ తల దించలేదు.

"మరిచిపోయాను" అంది అందరికీ వినపడేలా. "నేను మరిచిపోయాను. ఇది మరిచిపోలేదు."

వంగి, చిత్తు భుజం మీద అప్పుడే ఊరుతున్న పలకలాంటి మచ్చ మీద అరచెయ్యి ఆనించింది.

"పదిహేడోది. ఇంటివాళ్ల రక్తసంబంధీకులు ఎంతమందైనా, ఎన్నాళ్లైనా ఉండవచ్చు. ఏ జాతో చెప్పాలని అందులో లేదు. ఉండి ఉంటే ఆ పేజీ నేను కుట్టేదాన్నే కాదు."

సెక్రటరీ పుస్తకం తిరగేశాడు. పదిహేడోది అలాగే ఉంది. నివాసుల రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశాడు.

"బంధుత్వం గడిలో ఏమని రాయమంటారు?"

"మా మనిషి అని రాయండి."

రాశాడు.

ఇంటికొచ్చాక చెల్లెలి కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. "మూడు పెరిగింది పెద్దమ్మా. భయం లేదూ నీకు?"

"ఎందుకు లేదు? పోయినవన్నీ ఎక్కడికి పోతున్నాయో అని ఇన్నాళ్లూ వణికాను. ఇంట్లోనే ఉన్నాయిగా."

"నూరయితే?"

"అప్పుడు ఆ సెక్రటరీ దీన్నే అమ్మగారూ అని పిలవాలి. నీ సంచిలో ఆ ఫారం ఉందిగా, ఇలా తే."

బైండరమ్మ ఫారాన్ని తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది. దాన్ని పసుపు కాగితానికీ నీలం కాగితానికీ మధ్య పెట్టి, అంచులు తట్టి సరిచేసి, దబ్బనం దించింది.

"చూస్తావేం? ఆ దారం కొస పట్టుకో."