ఓడ వెళ్ళేలోపు

సెలెస్టీన్ వ్యానుకి కొత్త రంగు వేయించింది గిరాకీ కోసం కాదనీ, ఓడలో వస్తున్న కన్నతల్లి కోసమనీ, ఆ తల్లిని కొండల్లో తిప్పి తిప్పి ఓడ తప్పించేస్తుందనీ ఒలివ్ పెద్దమ్మ రొట్టెల కొట్టు దగ్గర చెప్పిందట. "ఓడకేమన్నా జాలా దయా? టైమైతే కూత కూసి పోతుంది. ముసలామె ఇక్కడ పడుంటుంది. సెలెస్టీన్ మొహంలో ఆ ఎత్తు కనపడటంలా మీకు?" అందట. ఒలివ్ పెద్దమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట రొట్టెల కొట్టు నుంచి చర్చి మెట్ల మీదికి, అక్కణ్ణుంచి కొండ దిగి రోజో రేవుకి, సెలెస్టీన్ వ్యాను కన్నా ముందే చేరిపోయింది.

యాత్రికుల ఓడలు ఈ దీవికి పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతాయి. రేవు గేటుకి లోపల ఓడవాళ్ళు మాట్లాడుకున్న పెద్ద బస్సులు నిలబడతాయి. గేటు బయట, ఎండలో, సెలెస్టీన్ లాంటి సొంత బండ్లవాళ్ళు చేతుల్లో పేర్ల అట్టలు పట్టుకుని నిలబడతారు. ఆ పొద్దున ఆమె అట్ట పట్టుకోలేదు. తల్లికి పేరు రాసి చూపించడమేమిటని ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

"అక్కా, మీ అమ్మకి ఓడ తప్పిస్తున్నావంటగా?" అన్నాడు కత్‌బర్ట్, పక్క బండివాడు.

"ముందు గుడ్ మార్నింగ్ చెప్పడం నేర్చుకో."

"గుడ్ మార్నింగ్. తప్పిస్తున్నావా?"

"తప్పిస్తే రేపణ్ణుంచి నా బండి ఎవడెక్కుతాడు?"

"దార్లో రాయి పడిందని చెప్పు. మన కొండమీద రాయి పడ్డానికి వాన కూడా అక్కర్లేదు. దేవుణ్ణి అడిగినా అవుననే అంటాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సెలెస్టీన్ నవ్వలేదు. ఆ రాయి గురించి ఆమె వారం రోజులుగా ఆలోచిస్తూనే ఉంది. ఏ మలుపులో పడితే అనువుగా ఉంటుందో కూడా చూసి పెట్టుకుంది.

తల్లి యూజెనీ బోస్టన్ వెళ్ళిపోయేనాటికి సెలెస్టీన్‌కి సరిగ్గా చెప్పులేసుకోవడం రాదు. ఎవరి ఇంట్లోనో పిల్లల్ని చూసే పని దొరికిందనీ, కుదురుకోగానే తీసుకెళ్తాననీ చెప్పి అమ్మమ్మ చేతిలో పెట్టి పోయింది. కుదురుకుంది. పెళ్ళి చేసుకుంది, మరో ఆడపిల్లని కంది. ఇక్కడికి మాత్రం ప్రతి క్రిస్మస్‌కీ ఒక పీపా వచ్చేది, నిండా బియ్యం, సబ్బులు, బట్టలు, అడుగున బూట్లు. బూట్లు ఏటా బిగుతే. పాదం పెరిగిందని అమ్మమ్మ రాయించినా మళ్ళీ అదే కొలత వచ్చేది. బోస్టన్‌లో కూర్చున్న ఆ తల్లి మనసులో పిల్ల ఎదగలేదు, అంతే. మొదట్లో కాగితాలు లేక రాలేకపోయింది. కాగితాలు వచ్చాక మొగుడికి జబ్బు. మొగుడు పోయాక మోకాళ్ళ నొప్పి. అమ్మమ్మ చచ్చిపోతే పూలచక్రం పంపింది.

అలాంటి మనిషి ఓడెక్కి వస్తోందని తెలిసింది ఎవరివల్లంటే, ఆ బోస్టన్ చెల్లెలు డెనీస్ వల్ల. అక్కకి ఆమె రాసిన మొట్టమొదటి ఉత్తరమది, అదీ కంప్యూటర్లో. సెలెస్టీన్ గారికి అని మొదలుపెట్టి, మీ బండికి బీమా ఉందా, అన్ని సీట్లకీ బెల్టులున్నాయా, మీ లైసెన్సు ఎన్నాళ్ళది, కొండదారికి పక్కన గోడ ఉందా, మాకు ఓడ తప్పితే పూచీ ఎవరిది అని అడిగింది. పక్క దీవిలో ఎవరో మొగుడూ పెళ్ళాం బయటి బండి మాట్లాడుకుని, తిరిగొచ్చేసరికి ఓడ సముద్రంలో చుక్కంత అయిపోయిందని తాను విన్నాననీ, అందుకే అడుగుతున్నాననీ, ఏమీ అనుకోవద్దనీ కింద రాసింది. సెలెస్టీన్ ఏమీ అనుకోలేదు. గిరాకీ ఎవరికైనా రాసినట్టే జవాబు రాసింది. బీమా ఉంది, బెల్టులున్నాయి, గోడ కొంత మేర ఉంది, ఇన్నాళ్ళలో నా బండి ఎక్కిన ఒక్కరికీ ఓడ తప్పలేదు. చివర 'మీ అక్క' అని కొట్టి, చెరిపి, పేరు పెట్టింది.

గేటు కాపలావాణ్ణి ఆమె పొద్దున్నే అడిగింది, రోజూ అడిగినట్టే. "ఇవాళ్టి ఓడ ఎవరి టైము మీదుంది?" కొన్ని ఓడలు దీవి గడియారానికి తిప్పుకుంటాయి, కొన్ని తాము బయల్దేరిన రేవు గడియారాన్నే పట్టుకు తిరుగుతాయి. ఇది తెలీకపోతే రోజోలో బండి నడపలేరు. "వాళ్ళ టైమే. మనకన్నా గంట వెనక," అన్నాడు వాడు. సెలెస్టీన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఓడవాళ్ళు నాలుగున్నరకల్లా ఎక్కమన్నారంటే ఇక్కడ అయిదున్నర. ఒక గంట ఊరికే చేతిలో పడింది.

మనుషులు బయటికి రావడం మొదలైంది. టోపీలు, నల్లకళ్ళద్దాలు, ఎవరివైపూ చూడకుండా పోయే చూపులు. వాళ్ళ మధ్యలో ఒక బక్కపల్చని ముసలమ్మ ఆగి, వరసగా నిలబడ్డ బండివాళ్ళని ఒక్కొక్కరినీ చూసి "గుడ్ మార్నింగ్, గుడ్ మార్నింగ్" అంటూ వచ్చింది. బండివాళ్ళందరూ ఒక్క గొంతుతో బదులు చెప్పారు. కత్‌బర్ట్ టోపీ తీశాడు. ఎవరనేది అడగక్కర్లేకపోయింది.

"మా అమ్మ నడుం నీకొచ్చింది," అంది యూజెనీ, కూతుర్ని కిందా మీదా చూసి.

"నీకేమో అసలు నడుమే లేకుండా పోయింది," అంది సెలెస్టీన్. ఇంకేదో అనాలనుకుంది. వారం రోజులుగా అద్దం ముందు అనుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. కౌగిలించుకుంటే తల్లి తల తన గడ్డం కిందికి వచ్చింది. వెనక నుంచి డెనీస్, సంచీ గుండెలకి హత్తుకుని, "సారీ, ఒక్కసారి మీ లైసెన్సు చూడొచ్చా?" అంది.

చూసింది. బెల్టులు కూడా లాగి చూసింది. అప్పుడు ఎక్కింది.

కొండెక్కుతున్నంతసేపూ డెనీస్ కిటికీలోంచి లోయ చూసి కళ్ళు మూసుకోవడం, తెరిచి మళ్ళీ చూడటం. "ఇక్కడ బండ్లు పడిపోతుంటాయా?" అంది.

"పడాలనుకున్నవి పడతాయి."

"మామ్, నీకు భయం వెయ్యట్లేదా?"

యూజెనీ ముందుకి వంగి, దారినే చూస్తోంది. ఒక మలుపు ఇంకా కనపడకముందే, చెట్ల వెనక ఉండగానే, దీవివాళ్ళ పత్వా భాషలో "హారన్ కొట్టు" అంది. సెలెస్టీన్ చెయ్యి అప్పటికే హారన్ మీదికి వెళ్ళింది. ఇద్దరూ ఒకేసారి ఆ మలుపుని తలుచుకున్నారన్నమాట. ఇన్నేళ్ళూ ఈమె ఈ దారిని ఎక్కడ దాచుకుందో. సెలెస్టీన్‌కి ఒక గంట కాదు, ఒక పూట కాదు, ఈ మనిషి ఇంట్లో ఒక మూల కూర్చుని ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో సణుగుతూ ఉంటే చాలనిపించింది.

ఇల్లు చేరారు. సెలెస్టీన్ లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, అమ్మమ్మ పింగాణీ పళ్ళాలు తీసి పెట్టింది. యూజెనీ గడప దాకా వచ్చింది. ఒక చెయ్యి తలుపుకి ఆనించి లోపలికి తొంగి చూసింది. అక్కడే ఆగిపోయింది.

"రా అమ్మా."

"ఇక్కడ గాలి బాగుంది," అని వెనక్కి తిరిగి, పెరట్లో బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కింది రాతి మీద కూర్చుంది.

మళ్ళీ పిలిచినా లేవలేదు. సెలెస్టీన్ పళ్ళాలు ఒక్కొక్కటే బయటికి మోసుకొచ్చింది. చేమాకుల పులుసు, ఉడికించిన పచ్చి అరటికాయలు, ఉప్పుచేప. యూజెనీ పులుసు నోట్లో పెట్టుకుని కాసేపు మింగకుండా ఉంచుకుంది.

"పీత వేశావా?"

"నీ కోసమే. తెల్లారకుండా ఏట్లో పట్టించా."

"మా అమ్మ ఇంకో మిరపకాయ తగిలించేది."

"మీ అమ్మ నీకోసం మిరపకాయలు ఆరబెట్టి ఆరబెట్టి పోయింది. వచ్చి తింటావేమోనని."

యూజెనీ పళ్ళెంలోకి చూసి తింది. ఈలోపు లోపలికెళ్ళిన డెనీస్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంచీ చేతిలో లేదు, ఎక్కడో మర్చిపోయి వచ్చింది.

"నా ఫోటోలన్నీ గోడమీదున్నాయి," అంది. "బళ్ళో తీసినవన్నీ."

"పీపాల్లో వచ్చేవి. అమ్మమ్మ పటాలు కట్టించింది. దుమ్ము తుడవడం నా వంతు. నీ పళ్ళకి తీగ ఏ యేడు వేయించారో కూడా నాకు తెలుసు."

"మా ఇంట్లో నీ ఫోటో ఒక్కటీ లేదు."

"లేదని నాకూ తెలుసు."

డెనీస్ తల్లివైపు చూసింది. తల్లి చేప ముల్లు తీసుకుంటోంది. డెనీస్ వచ్చి, సీసా నీళ్ళు కావాలని అడగకుండా, కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. తర్వాత అరటికాయ ముక్క చేత్తో తీసుకుని అక్క పక్కనే మెట్టుమీద కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నారో తెలీదు, మాట్లాడుకున్నవి ఎక్కువ మాటలేం కావు. ఒలివ్ పెద్దమ్మ గురించి సెలెస్టీన్ చెబితే డెనీస్ పడీపడీ నవ్వింది. "నిజంగా ఓడ తప్పిద్దామనుకున్నావా?" అంది. సెలెస్టీన్ నవ్వి ఊరుకుంది.

అప్పుడు డెనీస్ ఫోను మోగింది. తానే పెట్టుకున్న అలారం. చూసి ఎగిరిపడింది. "మూడున్నర దాటింది. మామ్, లే. దిగేసరికి గంటపడుతుంది. గేటు మూసేస్తారు."

"కూర్చో," అంది సెలెస్టీన్. "నీ ఫోను మా దీవి టైము చూపిస్తోంది. ఓడ టైము గంట వెనక. పొద్దున్నే అడిగాను. మీకింకా గంట ఉంది."

"ఓడలో ప్రత్యేకంగా చెప్పారు. బండివాళ్ళు ఇంకా టైముందంటారు, నమ్మొద్దని."

"బండివాళ్ళు అంటే నేనా?"

డెనీస్ ఎర్రబడింది. సెలెస్టీన్ తల్లి వైపు తిరిగింది, ఆమె ఒక్క మాట అంటుందని. తల్లి మణికట్టుకి గడియారముంది. ఓడలో తన గదిలోనే ఓడ టైముకి తిప్పుకున్నది. ఫోను కన్నా సరిగ్గా గంట వెనక ఉంది. సెలెస్టీన్ దాన్ని చూసింది. తాను చూడటం తల్లి చూసింది. చూసి, చొక్కా చెయ్యి మెల్లగా కిందికి లాక్కుని గడియారం కప్పేసి, "పదండి, పిల్ల కంగారు పడుతోంది," అని రాతి మీంచి లేచింది.

ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తి డెనీస్‌కి చూపిస్తే సరిపోయేది. సెలెస్టీన్ చూపించలేదు. ఎంగిలి పళ్ళాలు తీసి లోపల పెట్టి తాళాలు తీసుకుంది.

దిగుతుంటే ఆమె చూసిపెట్టుకున్న మలుపు వచ్చింది. రాయి లేదు. బండి పక్కకి ఆపి, టైరు చూస్తానని దిగినా చాలు. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది కూడా. అద్దంలో చూస్తే తల్లి కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో, లెక్కో. సెలెస్టీన్ హారన్ కొట్టి మలుపు తిప్పింది.

రేవు చేరేసరికి గేటు బార్లా తెరిచుంది. జనం పూసల దండలు బేరమాడుకుంటూ తీరుబడిగా తిరుగుతున్నారు. ఓడ మెట్ల దగ్గర వేలాడదీసిన పెద్ద గడియారం డెనీస్ చూసింది. ఫోను చూసుకుంది. మళ్ళీ గడియారం చూసింది.

"నువ్వు చెప్పింది నిజమే," అంది. "నిన్ను నమ్మి ఉండాల్సింది. నాదే తప్పు, సెలెస్టీన్... అక్కా." ఆ మాట ఆమె నోట్లో కొత్తగా, వంకరగా పలికింది. సెలెస్టీన్ ఆమె భుజం తట్టింది. ఎంతైనా చెల్లెలి నోట ఆ పిలుపు విన్నది మొదటిసారి.

పక్క బండి మీద ఆనుకుని కత్‌బర్ట్ అంతా వింటున్నాడు. "ఓడ తప్పలేదే," అన్నాడు మెల్లగా. ఎవరూ పట్టించుకోలేదు.

డెనీస్‌కి ఉత్సాహం వచ్చింది. తప్పు దిద్దుకునేవాళ్ళకి వచ్చే ఉత్సాహం. తల్లి చెయ్యీ అక్క చెయ్యీ రెండూ పట్టుకుంది. "మామ్, వచ్చే ఏడు ఈ ఓడ గొడవే వద్దు. విమానంలో వద్దాం. టైము చూసుకోనక్కర్లేదు. నెల రోజులు ఉందాం. అక్క దగ్గరే, ఆ ఇంట్లోనే. ఏమంటావ్ అక్కా, ఉండనిస్తావా?"

"ఉండనిస్తానా అని అడగాలా," అంది సెలెస్టీన్. "అమ్మమ్మ మంచం అలాగే ఉంది. పరుపు మార్పిస్తాను. నెలెందుకు, ఉండగలిగినన్నాళ్ళు ఉండండి. అమ్మా, వస్తావా?"

యూజెనీ డెనీస్ చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. కోపంగా కాదు, బరువు దించుకున్నట్టు. మెట్ల వైపు చూస్తూ అంది:

"విమానమైతే రాను. సాయంత్రానికల్లా తీసుకుపోతుంది గనకే ఈ ఓడ ఎక్కాను."