మగపెళ్లివారి బంతి

వాన నా పెళ్లికి పిలవకుండానే వచ్చింది. తాళి కట్టేటప్పుడు జల్లు, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి కుండపోత. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందే జారుకున్నారు. అప్పగింతలు చేసి మమ్మల్ని మగపెళ్లివారి తాండూరు బస్సెక్కిద్దామనుకునేలోపు కనకమామిడి దగ్గర వాగు పొంగి రోడ్డు మునిగింది. ఫంక్షన్ హాల్లో మిగిలింది బస్సుకు సరిపడా మగపెళ్లివారు, మావాళ్లు కొద్దిమంది, వంట సత్తయ్య.

రాత్రి భోజనాలకు సరుకులు తెచ్చే వ్యాను వాగు అవతల చేవెళ్లలోనే ఆగిపోయింది. చేవెళ్ల బజారులో మాది బియ్యం దుకాణం. బస్తాలు కప్పు దాకా ఉంటాయి. ఆ దుకాణం యజమాని, మా బాపు రాజేశ్వర్, ఇక్కడ గంగాళంలో మిగిలిన మధ్యాహ్నపు అన్నం వంక చూసి చెమటలు తుడుచుకుంటున్నాడు. అంత ఇబ్బందిలోనూ నాకు నవ్వొచ్చింది.

అమ్మను చూశాక ఆ నవ్వు పోయింది. కన్యాదానం చేసేవాళ్లు ఉపవాసం ఉంటారు కదా, నిన్న రాత్రి నుంచి ఆమె ఏమీ తినలేదు. బాపు మధ్యాహ్నం పంతులు లేవమనగానే వెళ్లి తినేశాడు, అది వేరే సంగతి. అమ్మ మాత్రం "పిల్లను సాగనంపినంకనే తింట" అని మొండికేసింది. ఆమెకు షుగరు. ఇప్పుడు సాగనంపడమూ లేదు, తినడమూ లేదు. వంటగది గుమ్మంలో నిలబడి గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. చక్కెర నీళ్లు తాగిస్తే కాసేపు కుదురుకుంది, మళ్లీ అదే వణుకు. ఒక్క ముద్ద తినమని బతిమాలాను.

"మగపెండ్లోళ్లు తినకముందు నేనెట్ల తింట బిడ్డా," అంది.

సత్తయ్య గంగాళం మూత తీసి బాపుకు చూపించాడు. "సేటు, మనిషికో గంటె లెక్కన ఏస్తే అందరికి వస్తది. కొసరితే రాదు."

బాపు ఇంతెత్తున లేచాడు. "మగపెండ్లోళ్లకు గంటె లెక్క జూసి పెడ్తమా? రేపు బజార్ల తలెత్తుకోని తిరగాల్నా వద్దా? వాళ్లు కడుపునిండ తినాలె. మిగిలితే మనం."

"మిగలదు సేటు."

"మిగలకుంటే నీళ్లు తాగి పంటం."

నీళ్లు తాగి పడుకోవలసింది అమ్మ. నాకు ఒళ్లు మండింది.

ఆకులు పరిచారు. నన్ను పెళ్లికొడుకు గిరీష్ పక్కన కూర్చోబెట్టారు, నేనిప్పుడు అటువైపు మనిషినట. సత్తయ్య గంటెడు వేసి ముందుకు కదిలితే బాపు వెనకాలే ఉండి, "ఇంకింత ఎయ్యి, ఇంకింత ఎయ్యి" అని కొసరిస్తున్నాడు. వద్దని అడ్డం పెట్టిన చేతులను కూడా పక్కకు తోసి మరీ. మా మామగారు జగదీశ్ అసలు చెయ్యి అడ్డం పెట్టే మనిషే కాదు. ఉన్నది కలుపుకుంటూనే మళ్లీ తెమ్మని సైగ చేస్తున్నాడు. కిటికీలు టపటపా కొట్టుకుంటున్నాయి, ఫోన్లకు సిగ్నల్ లేదు, ఎవరి పిల్లలో ఏడుస్తున్నారు. నాకు మాత్రం గంగాళం అడుగున గంటె గీసుకుంటున్న చప్పుడే వినిపిస్తోంది.

గుమ్మం వైపు చూశాను. అమ్మ నిలబడి లేదు. గోడకు ఆనుకుని కూలబడి ఉంది.

లేచాను. కొంగుముడి ఇంకా విప్పలేదు, దాంతో గిరీష్ కూడా సగం లేచాడు. నా ముఖం చూసి, తన కండువా నా భుజాన వదిలేసి కూర్చున్నాడు. నేను వెళ్లి సత్తయ్య చేతిలోని గంటె లాక్కున్నాను.

"తేజూ, పోయి కూసో!" బాపు పళ్లు బిగబట్టి అన్నాడు. "పెండ్లిపిల్లవు."

"పెండ్లయిపోయింది బాపు. నేనిప్పుడు మీ ఇంటిదాన్ని గాదు. మగపెండ్లోళ్లకు మీరు లెక్క జూసి పెట్టొద్దు. మాకు మేమైతే లెక్క జూసి పెట్టుకోవచ్చు."

మామగారి ఆకు ముందు ఆగాను. "మామయ్యా, ఉన్నదే గింత. మనోళ్లందరు తినాలె. మీ వంతు అయిపోయింది."

అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మామగారు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. అలిగి లేస్తాడేమో, అందరినీ బస్సెక్కమంటాడేమో అనుకున్నాను. ఆ బస్సు ఎక్కడికీ పోయే వీల్లేదన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు.

ఆయన వేళ్లకంటిన పప్పు నాకి, "రాజేశ్వర్ గారూ, మాకు కోడలిని ఇచ్చిన్రనుకున్న. పోలీసును ఇచ్చిన్రు," అన్నాడు. అది నవ్వో కోపమో నాకిప్పటికీ తెలియదు. ఆకు మాత్రం మడిచాడు.

ఆ తరవాత ఎవరికీ గంటెకు మించి వెయ్యలేదు. అడుగున ఉన్నది మావాళ్లకు తలా ఇంత వచ్చింది. అమ్మ వాటా ఆకులో వేసి, పప్పు కలిపి, గుమ్మం దగ్గరే ఆమె ఎదురుగా కూర్చున్నాను. బాపు మావైపు చూడకుండా దూరంగా నిలబడ్డాడు.

అమ్మ ఒక ముద్ద మింగింది. ఇంకోటి చేతిలోకి తీసుకుని ఆగింది.

"అంతమందిల అన్నవు గద, మీ ఇంటిదాన్ని గాదని. అన్నం కోసం అన్నవా, నిజంగనే అన్నవా?"

కోపంలోనే అన్నాను. కానీ అన్న మరుక్షణమే అది నిజమని తెలిసింది. అప్పటినుంచీ కుదురు లేదు.

"అన్నం కోసమే అమ్మా," అన్నాను.

అమ్మ నా ముఖం వైపు చూడలేదు. "గట్లనా," అని ఆ ముద్ద తింది.