ఇజ్‌గ్రెవ్ పేట తలూపిన రోజు

ఇజ్‌గ్రెవ్ పేటలో చెత్త డబ్బాలకి మర్యాద నేర్పారు గానీ వాటిని ఎత్తాల్సినవాళ్ళకి నేర్పలేదని నెవేనా మంట. మూత తీస్తే చాలు, "ధన్యవాదాలు, మీ నగరం మిమ్మల్ని ప్రేమిస్తోంది" అని ఓ ఆడగొంతు పలుకుతుంది. డబ్బా నిండితే నగరపాలక కార్యాలయానికి దానంతట అదే కబురు పంపుతుంది. కార్యాలయం ఆ క్షణంలోనే దానికి బదులు పంపుతుంది. ఆ రెండింటి మధ్యా ఉత్తర ప్రత్యుత్తరాలు బ్రహ్మాండంగా సాగుతాయి. బండి మాత్రం తొమ్మిది రోజులకోసారి వస్తుంది. ఈలోగా జూన్ ఎండకి పుచ్చకాయ తొక్కలు కుళ్ళి, ఆ ప్రేమించే గొంతు దగ్గరికి పిల్లులు కూడా పోవు.

నెవేనాకి అరవై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఇదే ఊళ్ళో ట్రాలీ బస్సు నడిపింది. ఇప్పుడు తానుండే పద్నాలుగో నంబరు బ్లాకుకి ఆవిడని పెద్దగా ఎన్నుకున్నారు. అంటే లిఫ్టు, మెట్ల దీపాలు, పైకప్పు కారడం, ఎవరి కుక్క ఎక్కడ ఏం చేసిందీ, అన్నీ ఆవిడ నెత్తినే. ఊరి సేవలు ఎలా ఉన్నాయని అడిగినవాళ్ళకి తీరిగ్గా చెప్పేది. అడగనివాళ్ళకి ఇంకా తీరిగ్గా చెప్పేది.

పోలీసుల సంగతీ అంతే. పేటకి ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు, బోజ్కోవ్. బ్లాకు కింది గదిలోంచి మూడు సైకిళ్ళు పోయినప్పుడు వచ్చి, గోడ వంక కాసేపు చూసి, "దొంగ ఫొటో ఏమైనా ఉందా అమ్మా?" అన్నాడు.

"తీద్దామనుకున్నాం నాయనా, తొందరలో ఉన్నాను తర్వాత వస్తానన్నాడు" అంది నెవేనా.

అతను అది కూడా రాసుకున్నాడు.

బైపాస్ రోడ్డు దగ్గర మనుషులు దాటే చోట సిగ్నల్ దీపం ఆరిపోయి మూడు నెలలైంది. నెవేనా ఫోన్లోని నగరం యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. రెండో రోజున "పరిష్కరించబడింది" అని పచ్చటి టిక్కు వచ్చింది. మోకాలు నొప్పితో కుంటుకుంటూ వెళ్ళి చూస్తే దీపం అలాగే చచ్చి ఉంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పరిష్కారమైంది. అలా ఆ దీపం పదకొండు సార్లు పరిష్కారమైంది, ఒక్కసారీ వెలగలేదు.

పేటలో ఉన్న బడి కూడా గొప్పదేమీ కాదు, నెవేనా దాన్నీ వదిలేది కాదు. మరుగుదొడ్డి తలుపులకి గడియల్లేవు, గోడ మీది పటంలో ఎప్పుడో కాలగర్భంలో కలిసిపోయిన దేశాలు ఇంకా దర్జాగా ఉన్నాయి, లెక్కల పంతులమ్మ ఏడాదికొకరు మారతారు. అయినా అది రెండు నిమిషాల దూరంలో ఉంది. మనవరాలు కలీనాకి ఏడేళ్ళు. కలీనా తల్లి తెల్లారకుండానే కుట్టు ఫ్యాక్టరీ బస్సెక్కి పోతుంది. నెవేనా వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడితే పిల్ల గేటు దాటి లోపలికి పోయేదాకా కనిపిస్తుంది. ఆ మోకాలితో రోజూ అంతకన్నా దూరం పిల్లని దిగబెట్టడం ఆవిడ వల్ల కాదు.

అలాంటి బడి గేటుకి ఒక కాగితం అంటించారు. పిల్లలు తగ్గిపోయారు కాబట్టి ఈ బడిని బైపాస్ అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారట. ఈ భవనాన్ని టెక్నాలజీ కేంద్రానికి ఇస్తారట. ప్రజాభిప్రాయ సభ శుక్రవారం సాయంత్రం ఐదింటికి.

టెక్నాలజీవాళ్ళంటే నెవేనాకి తెలియకపోలేదు. పాత పొగాకు గోదాములో రంగురంగుల దిండ్లు పరుచుకుని కూర్చునే గడ్డాల కుర్రాళ్ళు. తమని తాము కమ్యూనిటీ అని పిలుచుకుంటారు. లిఫ్టు చెడిపోతే పదహారిళ్ళవాళ్ళూ మెట్ల మీద నిలబడి ఒకరినొకరు తిట్టుకుని, ఆఖరికి కలిసి బాగుచేయించుకుంటే అదే కమ్యూనిటీ అని ఆవిడ అనుకునేది. వీళ్ళది వేరే రకం. పక్క కుర్చీలో ఉన్నవాడితో కూడా ఫోన్లోనే మాట్లాడతారు.

వాళ్ళలో ఒకడు ఆవిడ కళ్ళముందు పెరిగినవాడే. స్విలెన్, నాలుగో అంతస్తులో ఉండిన ముసలావిడ తోతా మనవడు. తోతా పోయి రెండేళ్ళయింది. ఆవిడ ఒంట్లో బాగాలేనప్పుడల్లా వీడు నెవేనా వంటింట్లో కూర్చుని జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన బానిత్సా పళ్ళేలకి పళ్ళేలు ఊదేసేవాడు. సభకి ముందురోజు లిఫ్టు దగ్గర దొరికాడు.

"ఏరా, మా బడి నీకు కావాల్సొచ్చిందా?"

"నాకు కాదు పిన్నీ. అది నగరం నిర్ణయం. మేం ఓట్లు లెక్కపెట్టే యంత్రం పెడుతున్నాం, అంతే. అసలు మీకే మంచిది. చేతులెత్తక్కర్లేదు, కాగితాలక్కర్లేదు. కెమెరా మీ మొహాలు చూసి మీరేమంటున్నారో తెలుసుకుంటుంది."

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి నా మొహం చూసి మీ బాబాయే తెలుసుకోలేకపోయాడు."

స్విలెన్ నవ్వాడు. నవ్వితే ఇంకా పాత పిల్లాడిలాగే ఉంటాడు. అందుకే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది.

శుక్రవారం బడి వ్యాయామశాల నిండిపోయింది. నూట నలభై రెండు మంది వచ్చారు. ఆ సంఖ్య చెప్పింది కూడా యంత్రమే. ముందు గోడకి పెద్ద తెర, దాని మీద నల్లటి కన్నులాంటి కెమెరా. ఉప మేయర్ గెర్గానోవ్ మైకు పుచ్చుకున్నాడు. గుమ్మం దగ్గర బోజ్కోవ్ నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో పేటవాళ్ళకి అవసరమైనప్పుడు ఒక్కసారీ వేళకి రానివాడు, పేటవాళ్ళ నుంచి ఉప మేయర్‌ని కాపాడటానికి అరగంట ముందే వచ్చాడు.

గెర్గానోవ్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. భవిష్యత్తు అనే మాట నెవేనా పద్నాలుగు సార్లు లెక్కపెట్టి వదిలేసింది. చివరికి అడిగాడు: "పాఠశాల విలీనానికి మీరు అంగీకరిస్తున్నారా? తల ఊపి తెలియజేయండి."

హాలంతా ఒక్కసారిగా గడ్డాలు పైకెత్తి, నాలుకతో "ట్స్" అంది. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడికైనా తెలుసు, తల పైకి విసిరితే కాదని, ఛస్తే కాదని. సరే అనాలంటే తల పక్కలకి ఆడిస్తారు. అమ్మ పాలు తాగే పిల్ల కూడా ఇక చాలని అలాగే గడ్డం ఎత్తుతుంది.

తెర మీద అంకెలు వెలిగాయి. అంగీకరించినవారు నూట ముప్ఫై ఒకరు. వ్యతిరేకించినవారు ఆరుగురు. తేల్చుకోలేనివారు ఐదుగురు.

"ప్రజల పరిణతికి నా జోహార్లు" అన్నాడు గెర్గానోవ్.

ఆ తర్వాత లేచిన గోలకి కిటికీ అద్దాలు అదిరాయి. నెవేనా బ్లాకులోనే ఉండే దంచో తాత కర్ర నేలకేసి కొట్టాడు. నెవేనా జనాన్ని తోసుకుంటూ తెర పక్కన బల్ల దగ్గర కూర్చున్న స్విలెన్ ముందుకెళ్ళి నిలబడింది.

"ఒరేయ్, మీ బామ్మ కాదనాలంటే ఎలా అనేది?"

స్విలెన్‌కి ముందు అర్థం కాలేదు. "ఈ యంత్రం నలభై దేశాల మొహాలు చూసి నేర్చుకుంది పిన్నీ..."

"మా మొహాలు చూసిందా? మీ బామ్మని ఇంకో ముక్క తినమంటే ఎలా అనేదిరా?"

వాడి గడ్డం కొద్దిగా పైకి లేచి ఆగిపోయింది. "ఆఫీసులో పరీక్షించాం. మా అందరికీ సరిగ్గానే వచ్చింది" అన్నాడు గొణుగుతున్నట్టు.

నెవేనాకి అప్పుడు తెలిసింది. పొద్దస్తమానం తెర మీది పరదేశి దొరలకి గంగిరెద్దుల్లా తలూపి తలూపి వీళ్ళ మెడలే తిరిగిపోయాయి. కాదనడం ఎలాగో పుట్టుకతో వచ్చినది పోగొట్టుకుని, ఆ పోయిన సంగతి కూడా తెలియకుండా, ఊరికి తెలివి నేర్పడానికి బయల్దేరారు. జాలిపడదామని చూసింది గానీ రాలేదు. ఉమ్మేయాలనిపించింది.

అయితే వాడు ఒక్క మంచి పని చేశాడు. లేచి వెళ్ళి గెర్గానోవ్ చెవిలో చెప్పాడు. గెర్గానోవ్ మొహం చిట్లించి, జేబులోని కాగితం ఒకటికి రెండుసార్లు చూసుకుని, మైకు తీసుకున్నాడు. చేతులెత్తడం కుదరదన్నాడు. ఆమోదం పొందిన పద్ధతి ఇదొక్కటేనన్నాడు. కావాలంటే రెండోసారి లెక్కిస్తామన్నాడు. "కాకపోతే పౌరులు యంత్రానికి అర్థమయ్యేలా జవాబివ్వాలి. అవునంటే పైకీ కిందికీ. కాదంటే ఎడమకీ కుడికీ. ప్రపంచమంతా ఇంతే."

"అంటే, కాదంటే ఇలానా?" దంచో తాత తల పక్కలకి ఆడించాడు.

"అవును" అన్నాడు బోజ్కోవ్, తానూ పక్కలకే ఆడిస్తూ.

"నువ్వు అవునంటున్నావా, కాదంటున్నావా?"

"అవునంటున్నా, అది కాదని."

"ఏది కాదని?"

"ఛీ, నోర్ముయ్యండి ఇద్దరూ!" అంది నెవేనా. బెంచీ ఎక్కి నిలబడింది. మోకాలు కలుక్కుమంది. "అందరూ ఇటు చూడండి. మీరు బస్సు నడుపుతున్నారు. కుడి అద్దం చూడండి. ఎడమ అద్దం. మళ్ళీ కుడి. గడ్డం ఎత్తొద్దు. నాలుక కదపొద్దు. వాడు అడగ్గానే అద్దాలు చూడండి, అంతే. బడి ఉంటుంది."

నూట నలభై రెండు మంది కుడి అద్దం, ఎడమ అద్దం చూశారు. బట్టతలలు, జడలు, తలగుడ్డలు అన్నీ ఒక్కటిగా తిరిగాయి. మూడుసార్లు చేయించింది. మూడోసారి ఒక్కరూ తప్పలేదు. నెవేనాకి చాలా ఏళ్ళ తర్వాత ఈ పేట మీద కాస్త గౌరవం కలిగింది. బెంచీ దిగి రెండో వరుసలో కూర్చుని, మెడ బిగించుకుని, కెమెరా వంక చూసింది.

గెర్గానోవ్ కాగితం చూసి చదివాడు. ఈసారి ప్రశ్న పెంచాడు. "మన పిల్లల క్షేమాన్ని, వారి సురక్షిత భవిష్యత్తును దృష్టిలో ఉంచుకుని, పాఠశాల విలీనానికి మీరు అంగీకరిస్తున్నారా?"

క్షేమమట. నెవేనాకి ఆరిపోయిన దీపం కనిపించింది, దాని కింద పుస్తకాల సంచితో కలీనా కనిపించింది, ఎనభై మీద దూసుకొచ్చే లారీలు కనిపించాయి. రక్తం తలకెక్కింది. అద్దాలు ఎటుపోయాయో తెలియదు. గడ్డం దానంతట అదే పైకి లేచింది, నాలుక అంగిలికి కొట్టుకుంది.

"ట్స్."

వెంటనే తేరుకుని కుడికీ ఎడమకీ తిప్పింది. కంఠం పగిలేలా "కాదు! కాదు!" అని అరిచింది. కెమెరాకి చెవుల్లేవు. చుట్టూ ఇంకా ఎంతమందో ఆవిడలాగే నోళ్ళు వెళ్ళబెట్టి మెడలు సరిచేసుకుంటున్నారు.

అంగీకరించినవారు డెబ్భై ఎనిమిది. వ్యతిరేకించినవారు అరవై నాలుగు.

ఈసారి పారదర్శకత కోసమని మొహాలు కూడా చూపించారు. కాదన్నవాళ్ళకి ఎర్ర గళ్ళు, అవునన్నవాళ్ళకి పచ్చ గళ్ళు. దంచో తాత ఎర్ర గడిలో ఉన్నాడు, ఎనభై మూడేళ్ళ వయసులో అద్దాలు చక్కగా చూసుకున్నాడు. రెండో వరుస మధ్యలో, పచ్చటి గడిలో, గడ్డం ఆకాశానికెత్తి నెవేనా ఉంది. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అవునన్నది ఆవిడేనట. యంత్రం ఆ మాట అంకెతో సహా రాసింది.

దంచో తాత ఆవిడ మొహం చూడకుండా కర్ర టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు. స్విలెన్ "పిన్నీ..." అంటూ దగ్గరికొచ్చాడు. వాడిని తిట్టడానికి మాటలు బోలెడు సిద్ధంగా ఉండేవి గంట క్రితం. వాడి మీద ఉమ్మేద్దామనుకున్న మనిషి తనమీద తాను ఏం చేసుకోవాలో తెలియక, సంచి తీసుకుని బయటికి నడిచింది.

కలీనా ఆవరణలో తాడు గెంతుతోంది. తాడు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"మన బడి ఉంటుందా అమ్మమ్మా?"

నెవేనా తన తల కదలకుండా బిగపట్టుకుంది. "ఉండదు" అంది నోటితో.

"నువ్వు వద్దని చెప్పలేదా?"

"చెప్పాను తల్లీ. నాకొచ్చినట్టు చెప్పాను. వాళ్ళకి తెలిసేట్టు చెప్పడం నాకు చేతకాలేదు."

కలీనా తాడు చుట్టి సంచిలో పెట్టుకుంది. నెవేనా పిల్ల చెయ్యి పట్టుకుని, బ్లాకు వైపు కాకుండా బైపాస్ వైపు నడిచింది. మోకాలు అడుగడుగునా గుచ్చుతోంది. బడులు తెరవడానికి ఇంకా పదకొండు వారాలే ఉన్నాయి, ఈలోగా పిల్లకి ఆ రోడ్డు ఒంటరిగా దాటడం నేర్పాలి.