చేతిలో ఏమీ లేనప్పుడు

మా ఆయన టీ అడిగాడంటే చేతిలో ఏమీ లేదని అర్థం. ఈ సంగతి ఆయనతో రోజూ పేకముక్కలాడేవాళ్ళకు తెలియదు. ఆయనకే తెలియదు. టీ పెట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

తెల్లవారకముందే టొమాటో బాక్సులు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు బండి తోలుకుపోతాడు. ఎండ ముదిరేసరికి చౌడేపల్లెకు తిరిగొస్తాడు. సంగటి తిని, కాసేపు నడుం వాల్చి లేచాక, ఆవుల కొట్టం పక్క రేకుల నీడలో ఒక బాక్సు బోర్లిస్తాడు. మునిరాజ, కుప్పుస్వామి వచ్చి చుట్టూ కూర్చుంటారు. వాళ్ళూ బండ్లు తోలేవాళ్ళే. మూడు ముక్కలాట. నేను అదే కొట్టంలో పేడ ఎత్తుతూనో, ఆవులకు తొట్లో నీళ్ళు పోస్తూనో, పాపను చంకనేసుకుని గడ్డి విదిలిస్తూనో ఉంటాను. ఉన్నట్టుండి, "అనితా, టీ పెట్టు మే. రోంత అల్లం దంచెయ్యి" అంటాడు. ఎంత మెత్తగా అంటాడంటే, కొత్తవాళ్ళు వింటే ఈ మనిషి పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకుంటాడో అనుకుంటారు. టీ తెచ్చి భుజం మీదుగా గ్లాసు అందించేటప్పుడు ఆయన చేతిలో ముక్కలు కనపడతాయి. ఒకదానికొకటి పొసగని ఉత్త ముక్కలు. మంచి ముక్కలు పడిన రోజు మాత్రం ఆయన నోరు పెగలదు. నేనే పోయి గ్లాసు పక్కన పెట్టినా చూడడు, టీ మీద మీగడ కడుతుంది. ఇది నాకు ఒక్కరోజులో తెలిసింది కాదు. టీ కోసం కాచుకుని కూర్చున్నవాడు ఆట వదిలి పోడులే అని అవతలివాళ్ళు అనుకుంటారు, భయపడి, పందెం వదులుకుని ముక్కలు కింద పడేస్తారు. అంటే తనకే తెలియకుండా ఆయన బెదిరింపులో నా టీ కూడా ఒక ముక్కే. ఇన్నేళ్ళుగా నన్ను కూడా ఆడుతూనే ఉన్నాడు.

ఆట నాకు నేర్పించింది కూడా ఆయనే. పెళ్ళయిన కొత్తలో వాన పట్టుకుని విడవలేదు. తోటల్లో కాయ కోసేవాళ్ళు లేక బండి ఇంటి ముందరే నిలబడిపోయింది. మంచం మీద ఎదురెదురుగా కూర్చుని చింతపిక్కలు పందెం పెట్టి ఆడేవాళ్ళం. మంచి ముక్క వస్తే నవ్వేదాన్ని, లేకపోతే పెదవి కొరుక్కునేదాన్ని. పిక్కలన్నీ ఆయన పక్కకే పోయేవి. నీ మొగం అద్దం మాదిరుండాది అని నవ్వేవాడు. అప్పట్లో ఆ మాట ముద్దుగానే ఉండేది. చేతిలో ఏమీ లేకుండానే ఎట్లా బెదిరిస్తావని ఒకరోజు అడిగాను. పిక్కలు దోసిట్లోకి ఎత్తుకుంటూ చెప్పాడు.

"నీ ముక్కలు సూసుకోని కాదు మే బెదిరించేది. ఎదుటోడికి యాడ బయముండాదో సూసి బెదిరించాల. బయం లేనోడి కాడ ఆ ఆట ఆడినావంటే మునిగిపోతావు."

ఆట గురించి చెబుతున్నాడనుకున్నాను.

నేను కుప్పంలో ఇంటర్ మొదటి ఏడాది చదువుతుండగా పెళ్ళయింది. సంబంధం మాట్లాడుకునేటప్పుడు మీ అమ్మిని మేం సదివిస్తామప్పా అని మా నాయన వెంకటస్వామికి మాటిచ్చారు. గుడుపల్లెలో మా వీధివాళ్ళంతా ఆ మాట విన్నారు. వచ్చిన ఏడాది పుస్తకాలు తెప్పించమని అడిగితే మా అత్త రెడ్డెమ్మ చెంబులో పాలు వడగడుతూ, తలెత్తకుండానే, ఆవుల్ని కూడా నీతో సదువుకు తోలకపో, వాటికి గడ్డెవురు ఏస్తారు అనింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే కోపమొచ్చిందంటారు. అట్లా ఎన్నిటికి నవ్వానో. నేను పరీక్షే రాయలేదు, కానీ ఆయన తన స్నేహితుల ముందు మా ఇంటిది ఇంటర్ ఫెయిలు అని పరిచయం చేస్తే దానికీ నవ్వాను.

పాపకు మాటలు వస్తున్న రోజుల్లో ఒక జ్వరం వచ్చింది. నా ఒళ్ళోనే ఉంది. కళ్ళు పైకి తేలేసింది, ఒళ్ళు కొయ్యలాగా బిగుసుకుంది, నోటి పక్క నురగ. ఎవరిదో ఆటోలో పుంగనూరు ఆసుపత్రికి పోయేదాకా నేను ఊపిరి పీల్చినట్టు గుర్తులేదు. జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకు ఫిట్స్ వస్తాయమ్మా, పెద్దయితే పోతాయి, భయపడొద్దు అన్నాడు డాక్టరు. మందు రాసిచ్చాడు గాని భయపడకుండా ఎట్లా ఉండాలో రాసివ్వలేదు. ఆ రోజునుంచి నా చెయ్యి నా మాట వినదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఎడమచెయ్యి పోయి పాప నుదుటి మీద ఉంటుంది. పాలు పిండి వచ్చి చేతులు తుడుచుకోకముందే నుదురు. నీళ్ళకు పోతూ నుదురు, వస్తూ నుదురు. నా చెయ్యే చల్లగా ఉందేమో, అందుకే పాప వేడిగా తోస్తోందేమో అని చెయ్యి నా చెంపకు ఆనించుకుని మళ్ళీ నుదురు. నువ్వు తాకీ తాకీ బిడ్డకు కాక తెప్పిస్తాండావు అంటుంది మా అత్త. ఆయన ఏమీ అనడు, చూస్తాడు. ఎదుటివాడి భయం ఎక్కడుందో చూసే మనిషి కదా.

ఆయన నేర్పిన ఆట నేనూ ఒకసారి ఆడి చూశాను. నిరుడు ఏదో మాటకు మాట పెరిగి, మా అమ్మగారింటికి పోతానని చెప్పి, బ్యాగులో చీరలు కుక్కుకుని వాకిట్లో నిలబడ్డాను. ఆయన సంగటి తింటున్నాడు. మా అత్త గడప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. లేవను కూడా లేవలేదు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి బ్యాగు జిప్పు లాగింది, రెండు వేళ్ళతో చీరలు కెలికింది.

"బిడ్డ గుడ్డలు ఒగటీ లేవురా. ఈ పిల్ల యాడికి పోతాది, నువ్వు తిను" అనింది.

ఆయన ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. నేను బ్యాగు లోపలికి తీసుకుపోయి చీరలు మడతపెట్టాను. నా అబద్ధం ఎక్కడ చిరిగిందో ఒక ముసలావిడ వేళ్ళకు దొరికింది. ఆ తరువాత వాళ్ళిద్దరూ నన్ను ఏమన్నా అనడానికి వెనకాడాల్సిన పని లేకపోయింది.

పోయిన వారం పుష్పావతక్క వచ్చింది. మా ఊరి పాల కేంద్రాన్ని ఆమే చూసుకుంటుంది. ఇన్నాళ్ళూ పాలు కొలిచి, మిషన్‌లో వెన్న శాతం చూసే పని చేసిన పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది. లెక్క తెలిసిన మనిషి కావాల, నువ్వయితే కాలేజీ గడప తొక్కిందానివి కదమ్మా అనింది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట, ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగు ఇళ్ళవతల. జీతం పని. కాకపోతే ముందు రెండు వారాలు కుప్పంలో నేర్చుకుని రావాలి. నేను మనసులో అన్నీ కుదుర్చుకున్నాను. గుడుపల్లెలో అమ్మ దగ్గర ఉంటాను, పాపను అమ్మ చూసుకుంటుంది, పగలు కుప్పం పోయి సాయంత్రానికి వచ్చేస్తాను. మిషన్ ముందు కూర్చుని అంకెలు చదివే నన్ను నేను ఎన్నిసార్లు చూసుకున్నానో. అదేమీ పెద్ద ఉద్యోగం కాదు. కానీ అక్కడ నేను ఒక అంకె చెబితే ఊళ్ళోవాళ్ళు అవునంటారు. ఈ ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందని నేను చెప్పినా ఇంకొకరు నాలుక మీద వేసుకుని చూసి ఔననాలి.

ఆయన సంగటి తింటున్నప్పుడు చెప్పాను. విన్నాడు. కోప్పడలేదు.

"పో. వద్దనిందెవురు? బిడ్డ మాత్రం ఈ గడప దాటేదానికి లేదు. బిడ్డను ఈడ పెట్టి నువ్వు పో" అన్నాడు.

ఆయన చెయ్యి కడుక్కుని గోడకు ఆనుకున్నాడు. "అనితా, రోంత టీ పెట్టు మే" అన్నాడు.

స్టవ్ మీద పాలు పెట్టి, అల్లం దంచుతూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. సంగటి తిన్న వెంటనే ఆయన టీ తాగడు. కడుపులో బరువంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తాగలేదు. పాలు పొంగి స్టవ్ మీద కారాయి. ఆయన చేతిలో ఏమీ లేదు. పాపకు అన్నం పెట్టడం తెలియదు, ఏ మందు ఎంత పోయాలో తెలియదు, ఏడిస్తే నన్ను కేకేయడం ఒక్కటే తెలుసు. మోకాళ్ళు పట్టేసిన మా అత్త పాప వెనక పది అడుగులు పరుగెత్తలేదు. నేను సరేనంటే ఆయన ఆట ఆ పూటే అయిపోతుంది.

తెలిసింది. తెలిసి ఏం లాభం. ఆయన నన్ను బెదిరించింది పాపతో. ముక్కలాటలో ఓడిపోతే చింతపిక్కలు పోతాయి. ఇక్కడ నా లెక్క తప్పితే? పంతానికి పోయి నిజంగానే ఉంచుకుంటే? నేను కుప్పంలో ఉన్నప్పుడు జ్వరం వస్తే? దుప్పటి కప్పి నిద్రపోతోందిలే అనుకుంటే? ఎదుటివాడి చేతిలో ఏమీ లేదని తెలిసి కూడా ముక్కలు కింద పడేయడం ఎట్లా ఉంటుందో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. పొంగిన స్టవ్ తుడిచి, టీ వడగట్టి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు. మరుసటి రోజు పుష్పావతక్కతో రాలేనని చెప్పాను. ఆమె, సోమవారం మధ్యానం కుప్పం బస్సుకు నేను పోతాండా, వస్తే రా, రాకపోతే ఇంకెవరినన్నా చూసుకుంటాం అనింది.

సోమవారం అంతా మామూలే. బాక్సు బోర్లించారు, ముక్కలు పంచారు. మా అత్త వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పాప ఆమె కాళ్ళ దగ్గర టొమాటోలు దొర్లిస్తూ ఆడుకుంటోంది. నేను చీపురుతో కొట్టం కడుగుతున్నాను. కుప్పుస్వామి ముక్కలు పడేశాడు. మిగిలింది మా ఆయనా, మునిరాజా. మునిరాజ తన ముక్కలు తిరగేసి చూసుకోలేదు. అట్లా చూడకుండా ఆడడాన్ని బ్లైండ్ అంటారు. ముక్కలు బోర్లా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, వాటి చుట్టూ ఈగ తిరుగుతోంది, మునిరాజ పందెం మాత్రం పెంచుతున్నాడు. మా ఆయన వెనక్కి వాలాడు.

"అనితా, టీ పెట్టు మే."

చీపురు గోడకు ఆనించి లోపలికి పోయాను. స్టవ్ వెలిగించాను. మునిరాజ ఇంకా పెంచుతూనే ఉన్నాడని మాటలవల్ల తెలుస్తోంది. కాసేపటికి మా ఆయన ముక్కలు బాక్సు మీద విసిరేసిన చప్పుడు. కుప్పుస్వామి పకపకా నవ్వాడు. నీ ముక్కలు ఏమున్నాయో ఒకసారైనా సూసుకోవాలని అనిపించదా అప్పా అని మా ఆయన విసుక్కున్నాడు.

"సూస్తే బయమైతాది ఉమాశంకరూ" అన్నాడు మునిరాజ. "సూడనోణ్ణి ఏం పెట్టి బెదిరిస్తావు?"

నేను స్టవ్ ఆపేశాను. నీళ్ళు ఇంకా కాగనే లేదు.

బ్యాగు తీశాను. నా చీరలు, నా దువ్వెన. పాప గౌన్లన్నీ అలమరలోనుంచి తెచ్చి వాకిట్లో మంచం మీద, మా అత్త పక్కన, మడతలు చెదరకుండా పెట్టాను. పైన జ్వరం మందు సీసా, దాన్ని కొలిచే మూత, జ్వరం చూసే పుల్ల. మా అత్త గౌన్ల వైపు చూడలేదు. బ్యాగు చూసింది. చెయ్యి అలవాటుగా జిప్పు మీదికి పోయింది, చీరలు కెలికింది, మూతి మీదికి నవ్వు వచ్చింది, నోరు తెరిచింది. అప్పుడు పక్కన గౌన్లు కనపడ్డాయి. మూసుకోవడం మరిచిపోయినట్టు ఆ నోరు అట్లాగే ఉండిపోయింది.

పాపను ఎత్తుకున్నాను. చెంపకు టొమాటో రసం అంటుకుని ఉంది. నా చెయ్యి, నా మాట వినని ఆ చెయ్యి, నుదుటి దాకా పోయింది. దాన్ని అక్కడే ఆపాను. ఎంత బరువు ఆ చెయ్యి. చూడలేదు. వేడిగా ఉందో చల్లగా ఉందో నేను చూడలేదు. కొట్టం పక్కకు పోయి, ముక్కలు పంచుతున్న ఆయన ఒళ్ళో పాపను కూర్చోబెట్టాను. ముక్కలు చెదిరి కింద పడ్డాయి.

"బిడ్డను ఈడ పెట్టే పోతాండా" అన్నాను. "రెండు వారాలకు వస్తా."

మునిరాజ తల దించుకున్నాడు. కుప్పుస్వామి ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. పాప ఆయన చొక్కా గుండీ పట్టుకుని, నా భుజాన ఉన్న బ్యాగు చూసి, కింది పెదవి ముందుకు పెట్టింది. ఇంకొక క్షణం ఉంటే ఏడుస్తుంది. ఇంకొక క్షణం ఉంటే నేను వంగి ఎత్తుకుంటాను. వాకిలి దాకా నడిచాను. ఏడుపు అప్పుడు మొదలైంది.

"అనితా," అని వెనకనుంచి పిలిచాడు మా ఆయన. ఎంత మెత్తగా పిలిచాడో. "పోదువులే. బస్సుకింకా టైముండాది గదా. రోంత టీ పెట్టి పో మే."

నేను చెప్పులు వేసుకున్నాను.