అబద్ధం మోయని పడవ

పొద్దున్నే రేవులో పడవ నడిపే వీరబాబు చెప్పే మాట ఒక్కటే: "అబద్ధాలేమైనా ఉంటే ఒడ్డునే దింపేయండి." అబద్ధంతో ఎవరెక్కినా అతని పడవ కదలదు. గోదావరి వైనతేయ పాయ దాటే లంకవాళ్లకి అది అలవాటే. చేపలమ్మే కనకమ్మ బుట్ట పెడుతూనే చెప్పేసింది, "ఆయ్, నిన్నటివే! చాలా?"

ఆవేళ ఎస్సై మురళీమోహన్ దుర్గాశ్రీని అమలాపురం స్టేషనుకి వెంటబెట్టుకుని వెళ్తూ ఎక్కాడు. గల్ఫులో ఇంటిపనికి వెళ్లిన ఆ పిల్ల, యజమానురాలు కొడుతుంటే పారిపోయి మూడు వారాల కిందట ఇల్లు చేరింది. నగలు ఎత్తుకుపోయిందని అక్కడ కేసు పెట్టారు. ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు ఎస్సై చేతిలో ఉంది.

"అరెస్టు ఆర్డరమ్మా. ఆ దేశానికి అప్పగించేయడమే," అన్నాడు.

ఇంజను మోగింది. పడవ కదల్లేదు.

అందరూ దుర్గాశ్రీ వైపు చూశారు.

"ఏం తీసేవో చెప్పెయ్యమ్మా," అంది కనకమ్మ. "ఈ చేపలు మొన్నటివైపోతాయి."

"ఏమీ తీయలేదని అమ్మకి కూడా ఒట్టేసేను. నగలు ముట్టలేదండి. బీరువాలోంచి ఒక్కటి తీసేను, నా పాస్‌పోర్టు. రెండేళ్లు దాచేసేరండి."

తన పేరూ ఫొటో ఉన్న పుస్తకం తీసుకున్నందుకు ఒక ఆడకూతురి వెనక దేశదేశాల పోలీసులు! కొట్టిన చెయ్యి వెనక ఒక్క కానిస్టేబులూ లేడు.

ఇంజను మళ్లీ మోగింది. పడవ కదల్లేదు.

"ఇక మిగిలింది మీరేనండి, ఎస్సైగారూ," అన్నాడు వీరబాబు, ఎంతో మర్యాదగా.

ఎస్సై కాగితం మడిచాడు, విప్పాడు.

"ఇది అరెస్టు ఆర్డరు కాదు. మనిషిని వెతికి పట్టుకోమని ఒక దేశం చేసుకునే విన్నపం. మన చట్టంలో ఈ ఒక్క కాగితంతో ఎవర్నీ పట్టుకోకూడదు. వాళ్లు మన విదేశాంగ శాఖని అడగాలి, మన మేజిస్ట్రేటు వారంటివ్వాలి. అవేవీ రాలేదు. పైనుంచి ఫోనొచ్చింది, తీసుకొచ్చేస్తున్నాను."

"అమ్మో! నా చేపలే నయం కదండీ," అంది కనకమ్మ.

పడవ కదిలింది.

"వెనక్కి తిప్పి దింపెయ్యనా, తల్లీ?" అన్నాడు వీరబాబు.

"వద్దు బాబాయ్. అమలాపురమే వెళ్తాను."

నది నడుమ ఆమె ఎస్సై వైపు తిరిగింది. "నేనూ ఫిర్యాదు రాసిస్తానండి. నన్ను కొట్టినవాళ్ల మీద కూడా ఇలాంటి నోటీసు వెళ్తుందాండి?"

'వెళ్తుంది' అనబోయాడు ఎస్సై. చుట్టూ ఉన్న నీళ్లు చూసి నోరు మూసుకున్నాడు.